గోడకు సరిపడే ఫోటో

గుడివాడ, బందరు, దివిసీమ చూసి రావడానికి ఎవరూ సెలవు పెట్టరు. అక్కడ చుట్టాలున్నవాళ్ళు పెళ్ళికో, పొలం రిజిస్ట్రేషనుకో, పలకరింపుకో వెళ్తారు. పని కాగానే సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేస్తారు. నేను ఈ మూడు పనుల్లో ఏదీ లేకుండా వారం రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. మా మేనేజరు సెలవు చీటీలో "కుటుంబ సభ్యుల ఫోటోలు తీయుట" అన్న కారణం చదివి, "ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని మెల్లిగా అడిగాడు. ఆ ప్రశ్నలో ఎంత లోకజ్ఞానం ఉందో తిరిగొచ్చాక గాని నాకు తెలియలేదు.

నేను డిప్లమా చదివి, బెజవాడలో నీటి పంపులు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. పంపుని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూసి బొమ్మలు గీసి కొలతలు వేయడం నా పని. తొంభై ఎనిమిదిలో ఒక స్టూడియో ఆయన పెళ్ళి వీడియోల్లోకి మారుతూ పాత కెమెరా అమ్మేస్తుంటే నేను కొన్నాను. దానితోపాటు ఫుట్‌పాత్ మీద ఫోటోగ్రఫీ పుస్తకం కూడా ఒకటి కొన్నాను. ఆ పుస్తకం ప్రకారం మంచి ఫోటోకి కావలసినవి మూడు. ఒకటి వెలుతురు. రెండు ఓపిక. మూడు, తనని ఫోటో తీస్తున్నారని తెలియని మనిషి. మొదటి రెండూ కృష్ణా జిల్లాలో దొరుకుతాయి.

ముందు మా అమ్మ మీద సాధన చేశాను. కూరలు తరుగుతున్న అమ్మ, కరెంటు బిల్లు చదువుతున్న అమ్మ, పాలు పొంగి పరిగెత్తుతున్న అమ్మ. రెండు రీళ్ళు భరించాక అమ్మ తన తోబుట్టువుల పేర్లు చెప్పింది. "గుడివాడలో మావయ్యని తియ్యి. బందరులో పిన్నిని తియ్యి. మంగళవారం పిన్ని కొడుక్కి మోపిదేవిలో చెవులు కుట్టిస్తున్నారు. అక్కడికి నేనూ వస్తాను. ఈలోగా అమ్మమ్మ దగ్గర రెండు రోజులుండు."

నేను సంచి సర్దుకుంటుంటే దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మమ్మది మాత్రం ఒకటి విడిగా తియ్యి. ఎదురుగా, పెద్దది చేయించుకునేలా. నేనన్నానని ఎవరికీ చెప్పకు."

వానాకాలంలో అమ్మమ్మ రేవు దగ్గర జారిపడింది. చెయ్యి బెణికి, పది రోజుల్లో తగ్గిపోయింది. అమ్మకి, మావయ్యకి, పిన్నికి పట్టుకున్న భయం మాత్రం తగ్గలేదు.

గుడివాడ

మావయ్యకి గుడివాడ మార్కెట్లో ఎండు చేపల హోల్‌సేల్ కొట్టుంది. ఆ వీధికి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు, ముక్కు మూసుకుని మాత్రం వెళ్ళలేం. కొట్టు ముందు నెత్తళ్ళ గుట్టలు, సావడాల కట్టలు, వాటి మధ్య తక్కెడ పట్టుకుని బనీనుతో మావయ్య. పుస్తకంలో ఉన్నట్టే ఉందనుకుని కెమెరా తీశాను. మావయ్య చూశాడు. ఇద్దరు హమాలీలని పిలిచి చేపలన్నీ లోపల పెట్టించాడు. చొక్కా తొడుక్కున్నాడు. తక్కెడ తీసేసి దాని చోట టెలిఫోను పెట్టాడు.

"చేపలెందుకు తీయించేశావు మావయ్యా?"

"ఫోటోలో చేపలెందుకురా, వాసనొస్తుంది."

నేను ఖాళీ కొట్టుని, అందులో ఎవరికీ ఫోను చేయకుండా రిసీవరు చెవికి పెట్టుకున్న మావయ్యని తీశాను.

ఇంట్లో అత్తయ్య వంట చేస్తోంది. నన్ను చూసి, "ఒక్క నిమిషం నాన్నా" అని లోపలికెళ్ళి పట్టుచీర కట్టుకుని వచ్చింది. పొగ పడుతుందని స్టవ్ ఆర్పేసింది. పప్పు గిన్నె దించి, ఫోటోలో రంగు బాగుంటుందని పులిహోర గిన్నె పెట్టింది. ఆరిన స్టవ్ మీద చల్లని పులిహోరని కలుపుతూ కెమెరా వైపు చూసింది.

"అత్తయ్యా, రోజూ ఎలా ఉంటావో అలా ఉండు చాలు."

"రోజూ ఉన్నట్టుంటే ఫోటో ఎందుకు? రోజూ చూస్తూనే ఉన్నాంగా."

హాల్లో ఉన్న ఫ్రిజ్ కూడా పడేలా నిలబడమంటే నిలబడి తీశాను. గుడివాడలో ఫ్రిజ్ కూడా కుటుంబ సభ్యురాలే. బెజవాడలో మేము దాన్ని వంటింట్లో పెట్టి అవమానిస్తాం.

మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనమయ్యాక మావయ్య నన్ను అరుగు మీదికి తీసుకెళ్ళాడు. ఒక కిళ్ళీ నా చేతిలో పెట్టి, వీధి అటూ ఇటూ చూశాడు.

"అల్లుడూ, ఊరెళ్తున్నావుగా. అమ్మది ఒకటి తియ్యి. సూటిగా కూర్చోబెట్టు. నవ్వనివ్వకు. నవ్వితే తర్వాత బాగోదు."

"తర్వాత అంటే?"

"తర్వాత అంటే తర్వాతే. రెండు పక్కలా చోటొదులు." అంటూ రెండు చేతులూ తన మెడ చుట్టూ తిప్పి దండ ఎంత వెడల్పుంటుందో చూపించాడు. తన చేతులేం చేస్తున్నాయో అప్పుడు గమనించి, మెడ గోక్కున్నాడు. "మీ అమ్మకి చెప్పకు. పెద్దది, బాధపడుతుంది."

డ్రాయింగులో దీన్ని ముందు వైపు ఎలివేషన్ అంటాం. మనవాళ్ళు పోయినవాళ్ళని ఎలివేషన్‌లోనే గుర్తుపెట్టుకుంటారు. పక్క నుంచి చూసిన తాతయ్యని ఏ ఇంటి గోడ మీదా నేను చూడలేదు.

పాసింజరు రైల్లో

గుడివాడ నుంచి బందరుకి పాసింజరు రైలు నడుస్తుందనడం కంటే ఆగుతుందనడం సబబు. ఎదురుగా కూర్చున్న రిటైరైన మాస్టారొకాయన కెమెరా చూసి, "ఓటరు కార్డులకాండీ?" అన్నారు. కాదన్నాను. ఆయన జేబులోంచి తన ఓటరు కార్డు తీసి చూపించారు. అందులో ఎవరో గళ్ళ లుంగీ మనిషి భయపడుతూ చూస్తున్నాడు.

"ఇది మీరు కాదు కదండీ."

"కాదండీ. అయినా ఓటేయనిస్తున్నారు. ఆయన కూడా నా ఫోటో ఉన్న కార్డు మీద ఎక్కడో వేస్తూనే ఉంటారు. మంచివాడిలాగే ఉన్నాడు, పార్టీ ఏదో తెలియదు."

పెడనలో దిగుతూ ఆయన తన ఫోటో ఒకటి తీయించుకున్నారు. అడ్రసు మాత్రం ఇవ్వలేదు. పంపమని కాదట, ఎక్కడో ఒక చోట తన ముఖం సరిగ్గా నమోదైతే చాలట.

బందరు, మంగినపూడి

బందరులో చుట్టానికి ముందు లడ్డూ పెడతారు. తర్వాత హల్వా పెడతారు. ఆ తర్వాత "ఏమీ తినడం లేదేంటి?" అంటారు. మా పిన్ని ఈ మూడూ ఒక్క ఊపిరిలో చేసింది. బాబాయ్ ఒక ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకి లేక లేక పుట్టినవాడు చంటి.

పిన్ని ఒంటినిండా నగలు వేసుకుని వచ్చింది. బందరు పక్కనే చిలకలపూడి, అక్కడి పని అంతా రోల్డు గోల్డు. "ఎందుకు పిన్నీ ఇన్ని?" అంటే, "ఫోటోలో ఏది బంగారమో ఎవరికి తెలుస్తుందిరా? ఈ ఊళ్ళో ఉండి కూడా మెడ బోసిగా దిగితే తప్పు మనది" అంది. నిజమైన గొలుసు మాత్రం పోతుందేమోనని తీసి బీరువాలో పెట్టి తాళమేసింది.

ముగ్గురినీ గుమ్మంలో నిలబెట్టి చూస్తుంటే బాబాయ్ చెయ్యెత్తి ఆపారు. "ముగ్గురం దిగకూడదోయ్. మంచిది కాదు." నేను కూడా వెళ్ళి నిలబడితే తీసేవాళ్ళుండరు. వీధిలో అటూ ఇటూ చూశారు. పాలు పోసి వెళ్తున్న మనిషి దొరికాడు. అతను సైకిలు స్టాండు వేసి, క్యాను దించి, తల దువ్వుకుని వచ్చి పిన్ని కుటుంబంలో నాలుగోవాడుగా నిలబడ్డాడు. నేను కాళ్ళు మార్చుకునేలోగా అతను చంటిని ఎత్తుకుని బుజ్జగించడం కూడా మొదలుపెట్టాడు.

సాయంత్రం అందరం ఆటోలో మంగినపూడి బీచికి వెళ్ళాం. అక్కడ ఇసుక కంటే నల్లటి ఒండ్రు ఎక్కువ. అలలు కూడా తొందరపడవు. పిన్ని, బాబాయ్ అల వచ్చినప్పుడు భయపడినట్టు నటించారు. అల వచ్చేసరికి ఆలస్యమైంది. వాళ్ళు అలాగే భయపడుతూ నిలబడి ఉన్నారు. అప్పుడే కెమెరా లెక్క రీలులో ఉండే ముప్పై ఆరు దాటింది. నలభై కూడా దాటింది. నేను సంతోషించాను. ఇంకా తిరుగుతుంటే అనుమానమొచ్చింది.

మర్నాడు కోనేరు సెంటర్ దగ్గరున్న స్టూడియో పెద్దాయన చీకటి గదిలో కెమెరా విప్పి, బయటికొచ్చి రీలు నా చేతిలో పెట్టాడు. "ఫిల్ము కొస పళ్ళ చక్రానికి పట్టలేదండీ. మీరు తిప్పుతున్నారు గానీ అది కదల్లేదు. కొత్త రీలు కింద వాడుకోవచ్చు, పాడవలేదు." ఇది ఓదార్పు కింద చెప్పాడు. గుడివాడ మొత్తం పోయింది. టెలిఫోను, పట్టుచీర, పులిహోర, ఫ్రిజ్ పోయాయి. ఎండు చేపలని ఊరికే లోపల పెట్టించారు. బందరు ఇంటి ముందు మళ్ళీ నిలబడమంటే పిన్నీ బాబాయ్ నిలబడ్డారు. పాలతను పిలవకుండానే వచ్చాడు.

బయల్దేరుతుంటే పిన్ని లడ్డూల పొట్లంతో బస్టాండు దాకా వచ్చింది. "అమ్మది ఒకటి..." అని మొదలుపెట్టగానే మిగతాది నేనే చెప్పేశాను. పిన్ని ఆశ్చర్యపోయి, తర్వాత తన వంతు చేర్చింది. "ఏ చీరైనా పర్వాలేదు గానీ, పసుపుపచ్చది మాత్రం కట్టించకు. బంతిపూలు కలిసిపోతాయి. అన్నయ్యకి చెప్పకు. వాడికి బీపీ."

దివిసీమ

చల్లపల్లి దాటాక బస్సులో మనుషుల కంటే బుట్టలు ఎక్కువ. పక్కన కూర్చున్న చేపల బుట్టావిడ నా ఒళ్ళోని నల్ల పెట్టెలో ఏముందని అడిగింది. కెమెరా అన్నాను.

"ఎవరింట్లో పెళ్ళి?"

"పెళ్ళి కాదండీ. ఊరికే ఇంట్లోవాళ్ళని తీద్దామని. రోజూ ఎలా ఉంటారో అలా."

ఆవిడ నన్ను కాసేపు చూసి, "పాపం" అని, బుట్ట జరిపి కాళ్ళు పెట్టుకోవడానికి చోటిచ్చింది.

అమ్మమ్మ ఊరు కోడూరు అవతల, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. డెబ్బై దాటినా పొద్దున్నే రేవుకెళ్ళి పడవల దగ్గర చేపలు తీసుకోవడం, ఉప్పు పట్టించి ఎండబెట్టడం, వ్యాపారులకి అమ్మడం అన్నీ ఆవిడే చేస్తుంది. ఆ చేపలే మావయ్య కొట్టుకి కూడా వెళ్తాయి. కన్నతల్లి కదా అని మావయ్య బేరమాడితే, కన్నకొడుకు కదా అని ఆవిడ రూపాయి ఎక్కువ చెప్తుంది. బెజవాడలో చేప కొనేవాళ్ళు ముందు ధర అడుగుతారు. ఇక్కడ ఎప్పుడు పట్టారని అడుగుతారు, ధర సంగతి ముఖాలు చూసుకుని తేల్చుకుంటారు.

ఆ పూట చింతకాయ వేసి వండిన పచ్చిరొయ్యల కూర తిన్నాను. దాన్ని వర్ణించను. వెళ్ళనివాళ్ళకి అన్యాయం.

బెజవాడ దాటాక కెమెరా చూసి పని ఆపనిది మా కుటుంబంలో అమ్మమ్మ ఒక్కతే. "తీసుకో. నన్ను కదలమనకు" అంది. వలల మీద నెత్తళ్ళు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ, రేపల్లె నుంచి వచ్చే వ్యాపారితో గొడవపడుతూ ఆవిడ తన దారిన తాను తిరిగింది. ఆ వ్యాపారి దివిసీమలో కొని గుడివాడ దాకా అమ్ముతాడు.

"మామ్మగారూ, ఈ ధరకి కొంటే నేను పడవెక్కి పారిపోవాలండీ."

"ఎల్లు. పడవ మా అల్లుడిదే, చెప్పి ఎక్కిస్తా."

అల్లుడంటే చుట్టం కాదు, ఆ ఊళ్ళో వయసులో ఉన్న మగాళ్ళందరూ అల్లుళ్ళే. నేను రీలు సరిగ్గా తిరుగుతోందో లేదో మాటిమాటికీ చూసుకుంటూ రెండు పొద్దులు తీశాను. పుస్తకం రాసినవాడు చూస్తే సంతోషించేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం ముగ్గురి మాటా గుర్తొచ్చింది. ఇంటి పక్క గోడకి కొత్తగా సున్నం వేసి ఉంది. దాని ముందు ముక్కాలి పీట వేశాను.

"అమ్మమ్మా, కాసేపు ఇక్కడ కూర్చుంటావా? వెలుతురు బాగుంది."

"వెలుతురు రేవులో ఇంకా బాగుంది. ఇంతసేపూ అక్కడే తీశావుగా." పీటని చూసింది. గోడని చూసింది. నన్ను చూసింది. "ఇట్టారా" అని లోపలికి తీసుకెళ్ళి తాతయ్య పటం ముందు నిలబెట్టింది. "ఆ భుజం మీద చూడు."

చిన్నప్పటి నుంచి చూస్తున్న పటమే. నేనెప్పుడూ ముఖమే చూశాను. తాతయ్య కుడి భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. అవి తాతయ్యవి కావు.

"మీ తాతకి విడిగా ఒక్క ఫోటో లేదు. పోయాక వెతికారు. సొసైటీ వాళ్ళంతా కలిసి దిగిన దాంట్లోంచి కత్తిరించారు. పక్కనోడు భుజమ్మీద చెయ్యేసి ఉన్నాడు. చెయ్యి తీస్తే భుజం కూడా పోద్దన్నాడు స్టూడియో వాడు. ఉంచేశాం."

"ఎవరిదా చెయ్యి?"

"ఎవురికి తెలుసు. దండేస్తే ఇద్దరికీ వేసినట్టే. అతను బతికే ఉన్నాడేమో కూడా."

"నీకలా అవకూడదనే కదా అమ్మమ్మా వాళ్ళు..." అన్నాను. అనేశాక ఆగాను.

అమ్మమ్మ పటం మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "ఎవురు చెప్పారు? మీ అమ్మా?"

నేను కెమెరా పట్టీ సర్దుకున్నాను.

"మావయ్యా? చిన్నదా?"

పట్టీ మళ్ళీ సర్దుకున్నాను.

"ముగ్గురూనా." గుమ్మంలో కూర్చుంది. "మొన్న నేను పడ్డప్పుడు ముగ్గురూ వచ్చారు. దెబ్బ చెయ్యికి తగిలితే ముఖం చూశారు. చేప కొనేవాడు మొప్పలెత్తి చూసినట్టు. అప్పుడే అనుకున్నా." కొంగు దులుపుకుంది. "రేపు తెల్లారి నేను రేవుకెల్లాలి. ఎల్లుండి ఉప్పు దింపించుకోవాలి. మీరేమో నాకు గోడ మీద మేకు కొట్టేశారు."

ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఆవిడ మాటల్లో ఎగతాళి లేకపోవడం నేను వినడం అదే మొదటిసారి. ముగ్గురికీ మాటిచ్చాను. ఈవిడకి ఏ మాటా ఇవ్వలేదు. ఇంతవరకూ అది నాకు తేడాగా అనిపించలేదు. బయటికెళ్ళి పీట తెచ్చి లోపల పెట్టాను.

సాయంత్రం నెత్తళ్ళు గోతాలకెత్తుతూ అమ్మమ్మ తనే అడిగింది. "ఆ ఫోటోకి కూకుంటే ఎలా ఉంటదో వాళ్ళకి తెలుసా?"

"తెలియదు."

"మంగళవారం మోపిదేవిలో అందరూ ఉంటారుగా. రీలు మిగుల్చుకో."

మోపిదేవి

మంగళవారం మోపిదేవిలో పిల్లల ఏడుపు వినపడని చోటు లేదు. ఒక పక్క గుండ్లు, ఒక పక్క చెవులు, ఒక పక్క అన్నప్రాసనలు. చంటి గుండు దాకా బాగానే ఉన్నాడు. కంసాలి సూది తీయగానే వాడి ముఖంలో మొత్తం జీవితం కనపడింది. పుస్తకం చెప్పిన మూడో షరతు అక్కడే తీరింది. చెవిలో సూది దిగుతున్నవాడికి కెమెరా గుర్తుండదు. నా సెలవు మొత్తంలో మంచి ఫోటో అదే.

దర్శనమయ్యాక సత్రం వరండాలో భోజనాలు చేశాం. అమ్మ ఉదయం బస్సుకే వచ్చింది. మావయ్య కలవగానే, "కొట్టు ఫోటోలు ఎలా వచ్చాయిరా?" అన్నాడు. ఫిల్ము కదల్లేదని చెప్పాను. "చేపలు తీయించినందుకైనా ఒక్కటి రావాలి కదరా" అని రెండుసార్లు అన్నాడు.

అమ్మమ్మ చెయ్యి కడుక్కుని, సత్రం కుర్చీ ఒకటి లాక్కొచ్చి తెల్లగోడ ముందు వేసింది.

"నా ఫోటో కావాలన్నారంట."

అమ్మ మావయ్యని చూసింది. మావయ్య పిన్నిని చూశాడు. ముగ్గురికీ ముగ్గురి సంగతీ ఒకేసారి తెలిసింది. బాబాయ్ చంటిని ఎత్తుకుని ప్రసాదాల వైపు వెళ్ళిపోయారు. గుమాస్తాకి ఎప్పుడు సీట్లో ఉండకూడదో తెలుస్తుంది.

"దిగుతాను. నేనొక్కదాన్నే అయితే బాగోదు. అందరం తలొకటి దిగుదాం. ముందు మీరు."

"పెద్దవాళ్ళు ముందు కదమ్మా" అంది పిన్ని.

"దేంట్లో?"

అత్తయ్య వక్కపొడి డబ్బా కోసం సంచిలో చాలాసేపు వెతికింది.

మావయ్య నవ్వుతూ వెళ్ళి కూర్చున్నాడు. "తియ్యరా, మగాణ్ణి నాకేం భయం." నేను కెమెరా కంటికి పెట్టుకున్నాను.

"సూటిగా కూర్చో మావయ్యా. నవ్వకు. రెండు పక్కలా చోటొదులుతున్నాను."

నవ్వు పోయింది. కెమెరాలోంచి చూస్తుంటే ఆయన ముఖం రంగు కూడా మారింది. "కూతురు పెళ్ళి చెయ్యాలిరా ఇంకా" అన్నాడు, ఎవరో కాదన్నట్టు. నేను నొక్కాను. లేచి వచ్చి గబగబా రెండు గ్లాసులు మంచినీళ్ళు తాగాడు.

పిన్ని ఆ రోజు పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కుర్చీలో కూర్చున్నాక తనకే గుర్తొచ్చింది. "ఒరే, ఈ చీర..." అని ఆగింది. అత్తయ్య దగ్గర ఊదారంగు కండువా తీసుకుని భుజాల మీద కప్పుకుంది. ఎండలో చెమటలు కారుతున్నా తీయలేదు.

అమ్మ వచ్చి కూర్చుంది. నా దగ్గర రెండు రీళ్ళ నిండా అమ్మ ఉంది. తరుగుతూ, చదువుతూ, పరిగెడుతూ. ఇలా ఏమీ చేయకుండా, నన్నే చూస్తూ ఉన్న అమ్మ లేదు. ఫోకసు మళ్ళీ మళ్ళీ సరిచేశాను. అమ్మ, "తొందరగా తియ్యరా" అంది. తీశాను.

అప్పుడు అమ్మమ్మ వెళ్ళి కూర్చుంది. జుట్టు సర్దుకుంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఎవరూ ఏ సూచనా చేయలేదు. ముగ్గురూ నేల చూస్తున్నారు.

"తియ్యి."

నొక్కాను.

"అయిపోయిందా? నాకేం కాలేదు" అంది వాళ్ళ వైపు చూసి. లేచి కుర్చీ తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టింది. "నాలుగూ పెద్దవి చేయించి, పటాలు కట్టించి నాకే పంపు. ఎవరిది ఎవరికియ్యాలో నే చూసుకుంటా."

తిరిగొచ్చాక

నాలుగు పటాలూ గోనెగుడ్డలో చుట్టి, కోడూరు బస్సులో తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపాను. నెలయినా అమ్మకి గాని, మావయ్యకి గాని, పిన్నికి గాని ఏ పటమూ రాలేదు. అడిగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు.

దసరా వెళ్ళిన వారానికి గుడివాడ మార్కెట్లో మావయ్య కొట్టు ముందు ఒక రిక్షా ఆగింది. అందులోంచి రేపల్లె వ్యాపారి దిగాడు. చెప్పులు బయటే విడిచి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చాడు. లోపల మావయ్య సావడాలు తూస్తున్నాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరు..." అన్నాడు వ్యాపారి.

"ఆ, నేనే."

"ఎప్పుడూ?"

"ఏమిటెప్పుడు?"

జరిగింది ఇది. అమ్మమ్మ ముగ్గురి పటాలూ తాతయ్య పటం పక్కనే వరసగా తగిలించింది. పండక్కి తాతయ్యకి బంతిపూల దండ కట్టింది. దండ పొడుగొచ్చింది. పారేయడం ఇష్టం లేక అటు నుంచి ఇటు దాకా నాలుగు పటాల మీదుగా లాగింది. సరుకు కోసం వచ్చిన వ్యాపారి అది చూశాడు. సూటిగా, నవ్వకుండా, రెండు పక్కలా చోటున్న మావయ్య. ఇంకేం అడుగుతాడు? గుడివాడ చేరేలోగా తోవలో నలుగురికి చెప్పాడు. ఆ నలుగురిలో ఒకరు మావయ్యకి బాకీ ఉన్నాయన. నిజం తెలిశాక ఆయన మాత్రం చాలా బాధపడ్డాడట.

అప్పటి నుంచి మావయ్య పదిహేను రోజులకోసారి ఊరెళ్తున్నాడు. బస్సు దిగి నేరుగా ఇంటికి వెళ్ళడు. రేవు దాకా నడిచి, కనపడ్డ ప్రతివాడినీ పలకరించి, టీ కొట్టు దగ్గర ఎండలో కాసేపు నిలబడి, అప్పుడు ఇంటికొస్తాడు. పిన్ని కూడా చంటిని తీసుకుని రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ గోడ వైపు వీపు పెట్టుకుని భోంచేసిందట. మా అమ్మ వాళ్ళిద్దరికీ ఫోను చేసి అడుగుతుంది, ఆ పటాలు తీసేశారా అని.

మొన్న నేనూ వెళ్ళాను. కెమెరాలో ఫిల్ము కొస పట్టిందో లేదో మూడుసార్లు చూసుకుని మరీ. అమ్మమ్మ నెత్తళ్ళు ఎత్తుతోంది.

"మీ మావయ్యకి చెప్పరా, బేరం వేళకి రావద్దని. వాడు బతికున్నాడని ఊరంతా నమ్మింది. వీధిలో అడ్డం తప్ప ఉపయోగం లేదు."

లోపలికెళ్ళి గోడ చూశాను. తాతయ్య, ఆయన భుజం మీద చెయ్యి, అమ్మ, మావయ్య, ఊదా కండువాలో పిన్ని. దండ ఎండిపోయినా ఉంది. నేను పంపిన వాటిలో నాలుగో పటం కనపడలేదు.

"నీదేదమ్మమ్మా?"

బయట రేపల్లె వ్యాపారి పిలుస్తున్నాడు. అమ్మమ్మ బుట్ట నడుముకి ఎత్తుకుని గుమ్మం దిగుతూ అంది.

"చోటేదిరా? గోడ నిండిపోయింది. వాళ్ళు కిందికి దిగితే చూద్దాం."